మ్యాక్‌బుక్‌లలో కింది మెట్టు: తెల్ల ప్లాస్టిక్ నుంచి ఎం1 దాకా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే మనందరి సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో, యాపిల్ సొంత చిప్ ఎం1తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ కోసం అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నిజానికి యాపిల్ దాన్ని 2024 మార్చి 4నే తన జాబితాలోంచి తీసేసింది. ఆ రోజు ఎం3 ఎయిర్ వచ్చింది, ఎం2 రేటు 99,900 రూపాయలకు దిగింది. ఎం1కి చివర్లో కంపెనీ పెట్టిన రేటూ అదే. అన్నిటికంటే చవక మోడల్ అనే కింది మెట్టు మీద మనిషి మారాడు తప్ప మెట్టు ఎత్తు తగ్గలేదు. షాపుల్లో, ఆన్‌లైన్‌లో మిగిలిన ఎం1 స్టాకు పండగ సేల్స్‌లో అరవై వేల లోపే దొరికింది కాబట్టి ఈ సంగతి చాలామంది పట్టించుకోలేదు.

యాపిల్‌కి ఇది పాత అలవాటే. 2006 మేలో తన పాత లాప్‌టాప్ ఐబుక్‌ని పక్కన పెట్టి తెల్ల ప్లాస్టిక్ మ్యాక్‌బుక్ తెచ్చారు. అమెరికాలో రేటు 1,099 డాలర్ల నుంచి మొదలు. దాని ప్లాస్టిక్ మీద ఫిర్యాదులు బాగానే వచ్చాయి. అరచేయి ఆనే చోట అంచులు పగిలేవి, రంగు మారేది. కానీ రిపేరు చేసేవాళ్లకి అది చాలా సులువైన యంత్రం. అడుగున ఉన్న లాక్‌ని రూపాయి బిళ్లతో తిప్పితే బ్యాటరీ ఊడి చేతికొచ్చేది. ఆ ఖాళీలోనే చిన్న స్క్రూలు విప్పితే ర్యామ్, హార్డ్ డిస్క్ రెండూ అందేవి. 2008 అక్టోబరులో అల్యూమినియం మ్యాక్‌బుక్ వచ్చాక కూడా తెల్లది 999 డాలర్లకు కొనసాగింది. 2009లో ఒళ్లు మార్చి బ్యాటరీని లోపల బిగించేశారు. ర్యామ్, డిస్క్ మార్చుకునే వీలు మాత్రం అలాగే ఉంచారు.

2011 జులై 20న దాన్ని ఆపేశారు. విద్యాసంస్థలకు మాత్రం ఇంకొన్ని నెలలు అమ్మారు. దాని స్థానంలోకి వచ్చింది 11 అంగుళాల ఎయిర్, అదే 999 డాలర్లకు. మూడేళ్ల కిందట, 2008 జనవరిలో, స్టీవ్ జాబ్స్ ఆఫీసు కవరులోంచి తీసి చూపించిన మొదటి ఎయిర్ రేటు 1,799 డాలర్లు. చవక మోడల్‌ని ఆపితే ఇంకా చవకైనది పుట్టలేదు, ఒకప్పటి ఖరీదైన మోడలే కిందికి దిగింది. వినడానికి మంచి బేరంలానే ఉంటుంది. ఆఖరి తెల్ల మ్యాక్‌బుక్‌లో 250 జీబీ హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్ ఉండేవి. ఆ రేటుకే వచ్చిన ఎయిర్‌లో 64 జీబీ ఫ్లాష్ స్టోరేజీయే, డీవీడీ లేదు, 2 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంది. స్పీడు పెరిగింది, బరువు తగ్గింది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ రోజే విడుదలైన లయన్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పాత మ్యాక్‌లలో వేసుకోవాలంటే దాదాపు 4 జీబీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. నెలకి ఇన్ని జీబీలే అని లిమిట్ పెట్టిన అప్పటి మన బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో అది చిన్న విషయమేం కాదు.

సీటీసీ వ్యాపారంలో పెద్ద భాగం ఇంకో అలవాటు మీద నడిచింది. కొనేటప్పుడు బడ్జెట్‌లో తక్కువది కొను, తర్వాత పెంచుకో. ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో 4 జీబీతో సరిపెట్టుకున్న పిల్లాడు, యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో సాఫ్ట్‌వేర్ మొరాయించడం మొదలెట్టాక ఇంకో ర్యామ్ స్టిక్ వేయించుకుంటాడు. డబ్బులు చేతిలో పడ్డాక హార్డ్ డిస్క్ తీయించి, దానికంటే వేగమైన ఎస్ఎస్‌డీ పెట్టిస్తాడు. ఎయిర్‌తో ఆ దారి మూసుకుపోయింది. 2020 నవంబరులో ఎం1 వచ్చాక మెమరీ ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోకే వెళ్లిపోయింది. 92,900కి 8 జీబీ, 16 కావాలంటే ఇంకో 20,000, అదీ కొనే రోజే తేల్చుకోవాలి. ఈ పని యాపిల్ ఒక్కటే చేయలేదు, పల్చటి విండోస్ లాప్‌టాప్‌లు చాలావాటిలోనూ ర్యామ్ ఇప్పుడు అతికించే వస్తోంది.

నిజంగా రేటు తగ్గించి చూసినవాళ్లు వేరే ఉన్నారు. 2007లో అసుస్ కంపెనీ తెచ్చిన ‘ఈ పీసీ’ (Eee PC) అనే మోడల్‌తో నెట్‌బుక్‌లు, అంటే చిన్న చవక లాప్‌టాప్‌లు, మొదలయ్యాయి. ఐప్యాడ్, ట్యాబ్లెట్‌లు వచ్చాక కొన్నేళ్లలోనే వాటి కథ ముగిసింది. 2011లో కేంద్రం తెచ్చిన ఆకాశ్ ట్యాబ్లెట్ మొదటి విడత అసెంబుల్ అయింది మన హైదరాబాద్‌లోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే తప్ప పలకని స్క్రీన్. దాని గురించి ఇంతకంటే చెప్పడం అనవసరం.

ఎం1 ఇన్నాళ్లు నిలబడటానికి కారణం ఉంది. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, పొద్దున చార్జింగ్ పెడితే మామూలు పనికి సాయంత్రం దాకా లాగుతుంది. దాని బలహీనత 8 జీబీయే. ఆ మాట చివరికి యాపిలే ఒప్పుకున్నట్టయింది. 2024 అక్టోబరు 30న రేటు పెంచకుండానే ఎం2, ఎం3 ఎయిర్‌లకి 16 జీబీ చేసింది. అదే ఏడు వేసవిలో 8 జీబీది కొన్నవాళ్లకి కడుపు మండి ఉంటుంది. 2025 మార్చిలో ఎం4 ఎయిర్ 99,900కే వచ్చింది, ఎం2, ఎం3 రెండూ జాబితాలోంచి పోయాయి.

అంత పెట్టలేనివాళ్లకి ఇంకో దారి సెకండ్ హ్యాండ్. ఐటీ కంపెనీల్లో లీజు ముగిసి బయటికొచ్చే లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లలో చాలా మోడళ్లకి ఇప్పటికీ ర్యామ్ మార్చుకోవచ్చు. వాడిన ఎం1 కొనేవాళ్లు బ్యాటరీ సైకిల్ కౌంట్‌తో (బ్యాటరీ ఎంత వాడకమైందో చూపే లెక్క) పాటు పాత యజమాని ఐక్లౌడ్ అకౌంట్, కంపెనీ మేనేజ్‌మెంట్ లాక్ (ఆఫీసు లాప్‌టాప్‌ని కంపెనీ తన అదుపులో ఉంచుకునే ఏర్పాటు) తీశారో లేదో షాపులోనే, డబ్బులు ఇవ్వకముందే చూసుకోవాలి. కంపెనీ లాక్‌ని ఆ కంపెనీ ఐటీ విభాగమే తీయాలి, షాపువాళ్ల చేతిలో ఉండదు.