రిపోర్టులు నార్మలే, మొటిమలు మాత్రం తగ్గవు

పాతికేళ్ల అమ్మాయి ముఖం మీద మొటిమలుంటే "పెళ్లయితే అవే పోతాయిలే" అంటారు. పెళ్లై, పిల్లలు పుట్టి, ముప్పై దాటాక కూడా వస్తుంటే "ముఖం సరిగ్గా కడుక్కోవా?" అని అడుగుతారు. ఈ మాటలు మనసుని కష్టపెడతాయి, పైగా నిజం కూడా కావు.

పీరియడ్స్‌కి వారం ముందు గడ్డం మీద, దవడ అంచున చర్మం లోపల ఒక గడ్డ లేస్తుంది. పైకి మొన కనిపించదు, వేలు తగిలితే సలుపుతుంది. నెలనెలా ఇంచుమించు అదే చోట. దీనికీ మురికికీ సంబంధం లేదు. చర్మంలోని నూనె గ్రంథులను ఆడించేవి ఆండ్రోజెన్లు. మగ హార్మోన్లంటాం గానీ, ఆడవాళ్ల అండాశయాల్లోనూ అడ్రినల్ గ్రంథుల్లోనూ అవి తయారవుతాయి. పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్లు అదుపు తప్పే సమస్య) ఉన్నవాళ్లలో అవి ఎక్కువగా ఉండొచ్చు. మిగతా చాలామందికి రక్తపరీక్షలో అన్నీ నార్మలే. ఉన్న కాస్త హార్మోన్‌కే వాళ్ల గ్రంథులు అతిగా స్పందిస్తాయి.

అందుకే ఈ మొటిమలకు హార్మోన్ల మీద పనిచేసే మందులూ వాడతారు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు అలాంటివే. ఆ ఈస్ట్రోజెన్ రక్తంలో విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ అనే ఆండ్రోజెన్‌ను తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు ఇవి వాడకూడదు.

నాకు బాగా ఆసక్తి కలిగించేది స్పైరోనోలాక్టోన్. బీపీకి, గుండె జబ్బుకి, ఒంట్లో నీరు లాగడానికి 1960 ప్రాంతం నుంచీ వాడుతున్న మాత్ర ఇది. వాడిన మగవాళ్లలో కొందరికి రొమ్ములు ఉబ్బాయి. ఆండ్రోజెన్ కూర్చోవాల్సిన చోటును ఈ మందు ఆక్రమిస్తోందన్నమాట. మగవాళ్లకు ఇబ్బంది పెట్టిన ఆ గుణమే ఆడవాళ్ల మొటిమలకు మందైంది. అయితే గర్భంలో మగబిడ్డ ఉంటే ఆ ఎదుగుదలకు ముప్పు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఈ మాత్ర జోలికి వెళ్లొద్దు, డాక్టర్ రాయకుండా ఎవరూ కొనొద్దు.

2023లో, బ్రిటన్‌లో మొటిమలున్న 410 మంది మహిళల మీద స్పైరోనోలాక్టోన్‌తో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. 12 వారాలకి మందుకీ, మందు లేని ఉత్తుత్తి మాత్రకీ పెద్ద తేడా లేదు. 24 వారాలకి మాత్రం, తగ్గాయని చెప్పినవాళ్లు మందు వాడినవారిలో 82 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 63 శాతం. నెల రోజులు వాడి, అద్దం చూసుకుని, ఇది నాకు పడలేదనుకుని మానేస్తే ఆ తేడా కనిపించే రోజు రానే రాదు.