జెట్స్ పారేసుకున్నవన్నీ సియాటిల్లోనే దొరుకుతాయి: కోచ్, క్వార్టర్‌బ్యాక్, డ్రాఫ్ట్ గొడవ వెనక కథ

2026 ఫిబ్రవరి 8 రాత్రి సూపర్‌బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) అయిపోయిన రెండో నిమిషంలో రెడ్‌మండ్‌లో ఉండే మా బావ ఫోన్ చేశాడు. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు, "ఏరా బామ్మర్దీ, మీ వాడు కప్పు కొట్టాడు చూశావా" అన్నాడు. మా వాడంటే శామ్ డార్నల్డ్. సియాటిల్ సీహాక్స్ 29-13తో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌ని కొట్టింది, ఆ టీమ్‌ని నడిపిన క్వార్టర్‌బ్యాక్ ఒకప్పుడు మా న్యూయార్క్ జెట్స్ "వీడి వల్ల కాదు" అని వదిలించుకున్న కుర్రాడు. బావకి అది పండగ. న్యూజెర్సీలో కూర్చుని జెట్స్‌ని నమ్ముకున్న నాలాంటి వాళ్ళకి మాత్రం, ఏం చెప్పను, గొంతులో పచ్చి వెలక్కాయ.

ఇక్కడ జెట్స్ ఫ్యాన్స్ మధ్య జనవరి నుంచీ ఒకటే గొడవ. కోచ్‌ని పీకెయ్యాల్సిందని కొందరు, క్వార్టర్‌బ్యాక్ సరైనవాడు దొరికేదాకా ఏ కోచ్ వచ్చినా ఇంతే అని కొందరు, అసలు డ్రాఫ్ట్‌లో ఎవర్ని తీసుకోవాలో తెలీని టీమ్ ఆఫీసుకి ఎన్ని పిక్‌లిచ్చినా బూడిదలో పోసిన పన్నీరే అని ఇంకొందరు. ముగ్గురి దగ్గరా కావలసినన్ని సాక్ష్యాలున్నాయి, అదే అసలు సమస్య. అందుకే ఈ గొడవ ఎక్కణ్ణుంచి మొదలైందో ఒకసారి వెనక్కెళ్ళి చూద్దామని రాస్తున్నా.

ఈ ఆట చూడని వాళ్ళకి రెండు ముక్కలు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్, ఎన్‌ఎఫ్‌ఎల్. 32 టీములు, సీజన్‌కి 17 మ్యాచ్‌లు. బంతి ఎవరికి విసరాలో, ఎవరి చేతిలో పెట్టాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సిన వాడు క్వార్టర్‌బ్యాక్. డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్ళని టీములు వరస ప్రకారం ఎంచుకునే పద్ధతి, ఒక్కో ఎంపికని పిక్ అంటారు, వరస ఒకసారి తిరిగితే ఒక రౌండ్. ఐపీఎల్ వేలంలాగా డబ్బు పెట్టి పాడుకోవడం ఉండదు, కిందటేడు చిత్తుగా ఓడిన టీమ్‌కి ముందు వరస, కప్పు కొట్టిన వాళ్ళకి చివరి వరస. అంటే ఓడిపోవడానికి కూడా ఒక బహుమతి ఉందన్నమాట, అందుకే సీజన్ చివర్లో సొంత టీమ్ ఓడాలని మొక్కుకునే ఫ్యాన్స్ కనిపిస్తారు, నేనూ మొక్కుకున్నా, దాచడమెందుకు.

జెట్స్ కప్పు కొట్టింది ఒకే ఒక్కసారి, 1969 జనవరి 12న, మయామీలో. ఎదురుగా బాల్టిమోర్ కోల్ట్స్, పందేల వాళ్ళ లెక్కలో దాదాపు 18 పాయింట్ల తేడాతో గెలవాల్సిన టీమ్ అది. మ్యాచ్‌కి మూడు రోజుల ముందు జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ "గెలుస్తాం, గ్యారంటీ" అనేశాడు, 16-7తో గెలిచి చూపించాడు. ఆ తర్వాత మళ్ళీ సూపర్‌బౌల్ మొహం చూడలేదు. మా ఆఫీసులో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉండేవాడు, ఆ మ్యాచ్ వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చూశాడట, సెప్టెంబరొస్తే అదే కథ. మన ఊళ్ళో తాతలు నేతులు తాగారు మూతులు వాసన చూడండి అంటాం కదా, అచ్చం అదే.

డ్రాఫ్ట్ బ్యాచ్ వాదన 1983లో మొదలవుతుంది. ఆ ఏడు మొదటి రౌండ్‌లోనే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళారు. జెట్స్ వంతు 24వది వచ్చేసరికి, తర్వాత గొప్ప పేరు తెచ్చుకున్న డాన్ మరీనో ఇంకా అక్కడే ఉన్నాడు. వీళ్ళు కెన్ ఓబ్రయన్ అనే అతన్ని తీసుకున్నారు. ఓబ్రయన్ చెడ్డ ఆటగాడేం కాదు, పాపం అతన్ని అనవసరంగా తిడతారు, కానీ మరీనో 27వ పిక్‌లో ఎక్కడికెళ్ళాడయ్యా అంటే మయామీ డాల్ఫిన్స్‌కి, అంటే జెట్స్‌తో ఏటా రెండుసార్లు ఆడే టీమ్‌కి. పదిహేడేళ్ళు కళ్ళముందే ఆడాడు. 1991లో ఇంకోటి: బ్రెట్ ఫార్వ్ అనే క్వార్టర్‌బ్యాక్ మీద మనసుపడ్డారు, వీళ్ళ మొదటి పిక్ 34వది, అట్లాంటా వాళ్ళు 33లో అతన్ని ఎత్తుకుపోయారు. వీళ్ళకి బ్రౌనింగ్ నేగల్ మిగిలాడు. ఆ ఫార్వ్ గ్రీన్‌బేలో కప్పు కొట్టి, తల నెరిశాక 2008లో జెట్స్‌కి వచ్చాడు, మొదట్లో 8-3తో (ఎనిమిది గెలుపులు, మూడు ఓటములు) ఊరించి చివరికి 9-7.

కోచ్ బ్యాచ్‌కి ఇష్టమైన ఏడాది 1994. జెట్స్ హెడ్ కోచ్‌గా పీట్ క్యారల్ మొదటి సీజన్. 6-5 మీద ఉన్నప్పుడు డాల్ఫిన్స్‌తో మ్యాచ్, ఒక దశలో 24-6తో ముందున్నారు. చివరి అరనిమిషంలో మరీనో (మళ్ళీ అతనే) గడియారం ఆపడానికి బంతిని నేలకి కొడుతున్నట్టు నటించి, జెట్స్ డిఫెన్స్ నిలబడి చూస్తుంటే టచ్‌డౌన్ (ఆరు పాయింట్ల స్కోర్) పాస్ విసిరేశాడు. 28-24. అక్కణ్ణుంచి ఆ సీజన్లో ఒక్కటి గెలవలా. ఓనర్ లియాన్ హెస్ ఒక్క ఏడాదికే క్యారల్‌ని పంపించేసి రిచ్ కొటైట్‌ని తెచ్చాడు, పెనం మీంచి పొయ్యిలో పడ్డారు, రెండేళ్ళలో 4 గెలుపులు, 28 ఓటములు. ఇక క్యారల్ ఏమయ్యాడంటే, 2014 ఫిబ్రవరిలో సియాటిల్ కోచ్‌గా సూపర్‌బౌల్ గెలిచాడు, అదీ ఎక్కడ, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో, జెట్స్ సొంత స్టేడియంలో. మా ఇంటి నుంచి ట్రాఫిక్ లేకపోతే నలభై నిమిషాలు.

బిల్ బెలిచిక్ అనే కోచ్ సంగతి ఈ ఆట చూసేవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. 2000 జనవరి 4న జెట్స్ హెడ్ కోచ్‌గా పరిచయం చెయ్యడానికి ప్రెస్‌ని పిలిస్తే, ఒక కాగితమ్ముక్క మీద రాజీనామా రాసిచ్చి వెళ్ళిపోయాడు. పేట్రియాట్స్‌కి వెళ్ళి ఆరు కప్పులు. 2001 సెప్టెంబర్లో జెట్స్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) మో లూయిస్ కొట్టిన దెబ్బకి పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో ఆసుపత్రి పాలయ్యాడు, అతని బదులు దిగింది టామ్ బ్రేడీ. మన శత్రువుకి కోచ్‌నీ మనమే ఇచ్చాం, క్వార్టర్‌బ్యాక్‌కి దారీ మనమే వేశాం.

ప్లేఆఫ్స్‌కి చివరిసారి వెళ్ళింది 2010 సీజన్లో. రెక్స్ రయన్ కోచ్, మార్క్ సాంచెజ్ క్వార్టర్‌బ్యాక్, ఇద్దరూ 2009లో కలిసే మొదలుపెట్టారు, వరసగా రెండేళ్ళు సూపర్‌బౌల్‌కి ఒక్క మ్యాచ్ దూరంలో ఆగిపోయారు. ఈ "కలిసే మొదలుపెట్టారు" అన్నమాట గుర్తుపెట్టుకోండి, నా వాదనంతా దాని మీదే: మధ్యలో కోచ్ మారితే కుర్ర క్వార్టర్‌బ్యాక్ నిలబడడు. ఆ తర్వాత 2025 దాకా 15 సీజన్లు ప్లేఆఫ్స్ లేవు, అప్పటికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇంత పొడుగు కరువు ఇంకెవరికీ లేదు. సాంచెజ్ 2012 థ్యాంక్స్‌గివింగ్ రాత్రి పరిగెత్తి పరిగెత్తి సొంత టీమ్ వాడి పిరుదులకి గుద్దుకుని బంతి వదిలేశాడు, పేట్రియాట్స్ వాళ్ళు దాన్ని ఎత్తుకుని టచ్‌డౌన్ చేశారు. ఇప్పటికీ జెట్స్ అనగానే ముందు ఆ వీడియోనే పంపుతారు.

2013లో జీనో స్మిత్ రెండో రౌండ్‌లో వచ్చాడు. రెండేళ్ళకే రెక్స్ రయన్ వెళ్ళిపోయి టాడ్ బోల్స్ వచ్చాడు, కొత్త కోచ్ కింద సీజన్ మొదలవకముందే లాకర్‌రూమ్‌లో ఆరొందల డాలర్ల బాకీ దగ్గర గొడవై సహచరుడు కొట్టిన గుద్దుకి జీనో దవడ విరిగింది, అంతే, కుర్చీ పోయింది. తర్వాత ఏళ్ళ తరబడి అక్కడా ఇక్కడా బెంచీ మీద కూర్చుని, 2022లో సియాటిల్లో (చూస్తున్నారా) మళ్ళీ లేచాడు, ఆ ఏడాది కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు కూడా వచ్చింది. అప్పుడు అక్కడ కోచ్ ఎవరు? పీట్ క్యారల్.

ఇక డార్నల్డ్. 2018లో 6వ పిక్ నుంచి 3వ పిక్‌కి ఎక్కడానికి కోల్ట్స్‌కి మూడు సెకండ్ రౌండ్ పిక్‌లు ఇచ్చారు. 21 ఏళ్ళ పిల్లాడు. డెట్రాయిట్‌లో మొట్టమొదటి పాస్ విసిరితే అవతలి వాడు పట్టుకుని టచ్‌డౌన్ చేసేశాడు. తల దించుకోకుండా మళ్ళీ ఆడాడు, ఆ మ్యాచ్ 48-17తో గెలిచారు. ఆ రాత్రి మేం నలుగురం నేలమీద కూర్చుని చూశాం, మిర్చి బజ్జీలు చల్లారిపోయాయి, ఒక ఫ్రెండ్ అయితే ఇంకో పదేళ్ళు ఢోకా లేదు అన్నాడు. ఏడాది తిరక్కుండా బోల్స్‌ని తీసేశారు. ఆడమ్ గేస్ వచ్చాడు, కొత్త ప్లేబుక్ (ఎత్తుల పుస్తకం), కొత్త భాష. 2019 అక్టోబర్లో పేట్రియాట్స్ చేతిలో 33-0, నాలుగు ఇంటర్‌సెప్షన్లు (అవతలి వాళ్ళు పట్టేసుకున్న పాస్‌లు), అతని ఒంటికి టీవీ వాళ్ళ మైక్ ఉంది, బెంచీ మీద కూర్చుని "నాకు దయ్యాలు కనబడుతున్నాయి" అన్నది దేశమంతా విన్నది. ఆ మాట అతన్ని ఏళ్ళ తరబడి వదల్లేదు. ఇప్పుడు సూపర్‌బౌల్లో ఓడించింది అదే పేట్రియాట్స్‌ని, అందుకే బావ అంత రెచ్చిపోయాడు.

2020లో 13 మ్యాచ్‌లు వరసగా ఓడారు. కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ మా చేతికి వచ్చినట్టే అనుకున్నాం. అప్పుడు గెలిచారండీ! రామ్స్ మీద, తర్వాతి వారం బ్రౌన్స్ మీద. గెలిస్తే ఏడవటం అనేది అప్పుడే మొదటిసారి చూశాను. ఫస్ట్ పిక్ జాక్సన్‌విల్‌కి పోయింది, జెట్స్‌కి రెండోది. గేస్‌ని పంపేశారు, డార్నల్డ్‌ని కరొలైనాకి అమ్మేశారు, 2వ పిక్‌తో జాక్ విల్సన్‌ని తీసుకున్నారు, కోచ్‌గా రాబర్ట్ సాలే వచ్చాడు. ఈసారి కోచ్, క్వార్టర్‌బ్యాక్ కలిసే మొదలయ్యారు కదా మరి అంటారేమో, నిజమే, ఇక్కడ నా వాదనకి చిల్లు ఉంది. కానీ సాలే డిఫెన్స్ మనిషి, తొలిసారి హెడ్ కోచ్, కుర్రాడికి పక్కన కూర్చుని చెప్పాల్సిన పాసింగ్ కోచ్ గ్రెగ్ నాప్ ఆ జులైలోనే సైకిల్ మీద వెళ్తూ యాక్సిడెంట్‌లో పోయారు. 2022 డ్రాఫ్ట్ మాత్రం అద్భుతం, సాస్ గార్డ్‌నర్, గ్యారెట్ విల్సన్ ఇద్దరికీ ఆ ఏడాది కొత్త కుర్రాళ్ళ అవార్డులు వచ్చాయి. అన్నీ ఉన్నాయి, బంతి విసిరేవాడు లేడు.

అందుకే పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్‌ని తెచ్చారు. 2023 సెప్టెంబర్ 11, సోమవారం రాత్రి, చేతిలో అమెరికా జెండాతో మైదానంలోకి పరిగెత్తుకొచ్చాడు, స్టేడియం ఊగిపోయింది. నేను కాఫీ కలుపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను, పాలు పొంగేలోపు మా ఆవిడ "ఏవండీ, మీ ఆయన కింద కూర్చున్నాడు" అని కేకేసింది. నాలుగో స్నాప్ (బంతి ఆటలోకొచ్చే క్షణం). మడమ వెనక అకిలీస్ తెగింది, సీజన్ అయిపోయింది. దరిద్రుడి పెళ్ళికి వడగళ్ళ వాన అంటారే, అది. విచిత్రమేంటంటే ఆ రాత్రి మ్యాచ్ గెలిచారు, ఓవర్‌టైమ్‌లో, 22-16. తర్వాతి ఏడాది అయిదు మ్యాచ్‌లకే సాలేని తీసేశారు, 5-12తో ముగిసింది, రాడ్జర్స్ కథా ముగిసింది.

2025లో కోచ్‌గా ఆరన్ గ్లెన్ వచ్చాడు. 1994లో ఇదే జెట్స్ డ్రాఫ్ట్ చేసిన కార్నర్‌బ్యాక్ (అవతలి వాళ్ళ పాస్‌లని అడ్డుకునే ఆటగాడు), మన పిల్లాడే కోచ్ అయ్యాడని అందరం మురిసిపోయాం. క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌కి రెండేళ్ళకి 40 మిలియన్ డాలర్లు. మొదటి ఏడు మ్యాచ్‌లూ పోయాయి. నవంబర్ 4న గార్డ్‌నర్‌ని కోల్ట్స్‌కి, క్విన్నెన్ విలియమ్స్‌ని కౌబాయ్స్‌కి ఒకేరోజు ట్రేడ్ చేసేశారు. తర్వాత ఫీల్డ్స్‌ని కూర్చోబెట్టారు. చివరికి 3-14, సీజన్ మొత్తంలో డిఫెన్స్ ఒక్కటంటే ఒక్క ఇంటర్‌సెప్షన్ పట్టలేదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అంతకుముందు ఏ టీమూ చెయ్యని ఘనకార్యం, అదీ కోచ్ స్వయానా కార్నర్‌బ్యాక్ అయ్యుండి.

దాంతో 2026 డ్రాఫ్ట్‌కి చేతిలో 2వ పిక్ మిగిలింది, కోల్ట్స్‌ది ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ వచ్చింది, 2027కి ఏకంగా మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. కానీ అందరూ జెట్స్‌కే అనుకున్న ఆరెగాన్ క్వార్టర్‌బ్యాక్ డాంటే మూర్ 2026 జనవరిలో "ఇంకో ఏడాది కాలేజీలోనే ఉంటా" అనేశాడు. 1997లోనూ సరిగ్గా ఇదే, జెట్స్ దగ్గర ఫస్ట్ పిక్ ఉంటే పేటన్ మ్యానింగ్ టెనెసీలోనే ఉండిపోయాడు. దాంతో ఫ్యాన్స్ మళ్ళీ రెండుగా చీలారు, ఉన్నవాళ్ళలో ఎవరో ఒక క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకుందామనే వాళ్ళు ఒకవైపు, ఈ ఏడు క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్, డిఫెన్స్ కట్టుకుని 2027 దాకా ఆగుదామనే వాళ్ళు ఇంకోవైపు.

నేను రెండో జట్టు. ఎందుకంటే జెట్స్ ఇలాంటి డ్రాఫ్ట్ ఒకసారి సరిగ్గా చేసింది, 2000లో. ఫస్ట్ రౌండ్‌లోనే నాలుగు పిక్‌లు, అందులో ఒకటి బెలిచిక్‌ని వదిలినందుకు పేట్రియాట్స్ ఇచ్చిన దాంతో కుదిరింది. ముందు ఇద్దరు డిఫెన్స్ వాళ్ళని తీసుకుని, ఆ తర్వాతే 18లో చాడ్ పెనింగ్టన్‌ని తీసుకున్నారు, తీసుకున్నాక కూడా తొందరపడలేదు, విన్నీ టెస్టవర్డే వెనక రెండేళ్ళు కూర్చోబెట్టారు. 2002లో దింపితే డివిజన్ (తమ గ్రూపు) గెలిచాడు, ప్లేఆఫ్స్‌లో కోల్ట్స్‌ని 41-0తో ఊడ్చేశారు. తర్వాత అతని భుజం పోయింది, అది వేరే ఏడుపు.

ఇదంతా ఫోన్లో బావకి గంటసేపు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు పాపం. చివర్లో, "మీరు ఎవర్నైనా తీసుకోండ్రా, తొందరేం లేదు, అయిదారేళ్ళు మీ దగ్గర ఉంచుకుని మాకు పంపండి" అని పెట్టేశాడు.