దక్షిణాఫ్రికా: క్షమాభిక్ష ఇచ్చారు, బాకీ తీర్చలేదు

1985 జూన్ 27 రాత్రి వర్ణవివక్ష మీద పోరాడుతున్న మాథ్యూ గోనీవే, ఫోర్ట్ కలాటా, స్పారో మ్ఖోంటో, సిసెలో మ్హ్లౌలీ పోర్ట్ ఎలిజబెత్‌లో సమావేశం ముగించుకుని కారులో తమ ఊరు క్రాడాక్‌కు బయల్దేరారు. సెక్యూరిటీ పోలీసులు దారిలో ఆపి, చంపి, శవాలను తగలబెట్టారు. నలభై ఏళ్ల తర్వాత, 2025లో, ఆ హత్యలపై మళ్లీ కోర్టు విచారణ మొదలైంది. పగలు మరచి కలిసిపోయిన దేశమని లోకమంతా మెచ్చుకున్న చోట ఈ కేసు ఇంకా ఎందుకు నలుగుతోంది?

మూలం 1993లో ఉంది. అప్పటికి తెల్లవాళ్ల ప్రభుత్వం గద్దె దిగడానికి ఒప్పుకుంది. కానీ సైన్యం, పోలీసులు దాని చేతిలోనే ఉన్నాయి. జైలు తప్పదని తెలిస్తే పాత అధికారులు ఎన్నికలు సాగనిస్తారా అన్న టెన్షన్ ఉండేది. అందుకే తాత్కాలిక రాజ్యాంగం చివర్లో, రాజకీయ కారణాలతో చేసిన నేరాలకు క్షమాభిక్ష ఉంటుందని రాశారు. ప్రభుత్వం, దాన్ని ఎదిరించిన ఉద్యమం, ఈ రెండు పక్షాల నాయకులు కూర్చుని కుదుర్చుకున్న రాజీ అది. అన్న చనిపోయినవాళ్లను, భర్త పోయినవాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ రాజీని నడిపించడానికి 1995 చట్టం కింద సత్య, సయోధ్య కమిషన్ ఏర్పడింది. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షుడు. నేరం చేసినవాడు జరిగిందంతా దాచకుండా చెప్పాలి, అది రాజకీయ ఉద్దేశంతో చేసిందని చూపించాలి. అప్పుడు శిక్ష ఉండదు, బాధితులు సివిల్ దావా వేయడానికి కూడా వీలుండదు. క్షమాపణ చెప్పాలని గానీ, పశ్చాత్తాపపడాలని గానీ చట్టం అడగలేదు. టూటూ మాటల్లోని ఆర్ద్రత చూసి చాలామంది ఈ సంగతి మరచిపోతారు.

పోలీసు నిర్బంధంలో చనిపోయిన నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో కుటుంబం, మరికొందరు ఈ చట్టాన్ని సవాలు చేశారు. 1996లో రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ల వాదన కొట్టేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా నగరమైన ఈస్ట్ లండన్‌లో కమిషన్ విచారణలు మొదలయ్యాయి. ఫోర్ట్ కలాటా భార్య నోమోండే చెబుతూ చెబుతూ పెట్టిన ఏడుపు హాలును కదిలించేసింది. 21 వేలకు పైగా బాధితులు వాంగ్మూలం ఇచ్చారు. అంత నొప్పిని నలుగురి ముందు విప్పి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ ధైర్యాన్ని నమ్ముకునే ఆ ప్రయత్నమంతా నిలబడింది.

అయితే కమిషన్ చూడాల్సింది 1960 నుంచి 1994 వరకు జరిగిన హత్యలు, అపహరణలు, చిత్రహింసలు, తీవ్ర దుర్మార్గాలనే. వర్ణవివక్ష రోజువారీ బతుకును నలిపిన తీరు చాలావరకు దాని పరిధిలోకి రాలేదు. డర్బన్‌లోని కేటో మేనర్ నుంచి ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం పేరుతో వెళ్లగొట్టిన వేలాది భారతీయ కుటుంబాల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల తాతలు నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వచ్చినవాళ్లు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు విడిగా భూమి పునరుద్ధరణ చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది.

గనుల్లో, ఫ్యాక్టరీల్లో జరిగిన అన్యాయానికి 1997 నవంబరులో మూడు రోజుల విచారణ దక్కింది. వర్ణవివక్ష తమకూ నష్టమే చేసిందని పెద్ద కంపెనీలు చెప్పుకొచ్చాయి. అనుమతి పత్రం లేకుండా తిరగనివ్వని పాస్ చట్టాలతో నల్ల కార్మికులను కట్టడి చేసి, కాంపౌండ్లనే కంపెనీ వసతుల్లో ఉంచి, తక్కువ కూలికి పని చేయించుకున్నది ఎవరు? లాభం కంపెనీలకూ అందిందని కమిషన్ తేల్చింది. ఒకసారి వేసే సంపద పన్ను లాంటి మార్గాలు పరిశీలించమంది. నాకు ఇది ఆ నివేదికలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పనిచోట ఏళ్ల తరబడి దోచుకున్నది తిరిగి ఇవ్వకుండా కలిసిపోదాం అంటే కార్మికుడు ఎలా నమ్ముతాడు?

1998లో నివేదిక చేతికందాక అడుగు ముందుకు పడలేదు. బాధితులకు ఆరేళ్లపాటు ఏటా సాయం ఇవ్వాలని కమిషన్ కోరితే, 2003లో అధ్యక్షుడు టాబో ఎంబెకి ఒక్కొక్కరికి ఒకేసారి 30 వేల రాండ్లతో (రాండ్ అక్కడి కరెన్సీ) సరిపెట్టారు. సంపద పన్ను వద్దన్నారు. ఏడు వేలకు పైగా వచ్చిన క్షమాభిక్ష దరఖాస్తుల్లో ఎక్కువ భాగం తిరస్కరించారు. అలా తప్పించుకోలేనివాళ్ల మీద, అసలు దరఖాస్తే పెట్టనివాళ్ల మీద కేసులు నడపాలన్నది ఒప్పందంలో సగం. దాదాపు 300 కేసులు ప్రాసిక్యూటర్లకు వెళ్లాయి. విచారణకు వచ్చినవి కొద్దే.

క్రాడాక్ హత్యల్లో ఆరుగురు పోలీసులకు 1999లో క్షమాభిక్ష నిరాకరించారు. ఒక్కరి మీదా కేసు నడవలేదు, ఆరుగురూ చనిపోయారు. 2025 జనవరిలో బాధిత కుటుంబాలు ప్రభుత్వం మీదే కోర్టుకెక్కాయి. ఆ ఏడాది అధ్యక్షుడు సిరిల్ రామఫోసా మాజీ న్యాయమూర్తి సిసి ఖంపెపె అధ్యక్షతన విచారణ కమిషన్ వేశారు. కేసులు ముందుకు కదలకుండా రాజకీయంగా ఎవరైనా అడ్డుకున్నారా అన్నది అది తేల్చాలి.