మీథేన్ తగ్గించే దాణా: మేత ఆదా నుంచి వాతావరణం దాకా

ఆవు తిన్న మేతలోని శక్తిలో సుమారు 6 శాతం పాలుగానూ కండగానూ మారకుండా మీథేన్ రూపంలో గాల్లో కలిసిపోతుంది. శాస్త్రవేత్తలు మొదట ఈ గ్యాస్ వెంట పడింది వాతావరణం కోసం కాదు, ఈ నష్టాన్ని ఆపడానికి. అది ఆగితే అదే మేతకు ఎక్కువ పాలు వస్తాయని ఆశ.

ఈ గ్యాస్ పుట్టేది ఆవు మొదటి పొట్టలో, అంటే రూమెన్‌లో. అక్కడి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు హైడ్రోజన్ వస్తుంది. ఆర్కియా అనే జీవులు దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ తయారుచేస్తాయి. అది చాలావరకు త్రేన్పుల్లోనే బయటికి వస్తుంది.

1960ల్లోనే క్లోరోఫామ్ లాంటి పదార్థాలు ఈ ప్రక్రియను అడ్డుకుంటాయని తేలింది. కానీ అవి రోజూ పశువుకు పెట్టదగినవి కావు. తర్వాత బ్రోమోక్లోరోమీథేన్ బాగా పనిచేసినా, ఓజోన్ పొరకు చేటు చేస్తుంది కాబట్టి పక్కన పెట్టారు. 1970ల్లో వచ్చిన మోనెన్సిన్ అనే యాంటీబయాటిక్ మేతను ఆదా చేసింది, మీథేన్‌ను మాత్రం కొద్దిగానే తగ్గించింది. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో పూర్తిగా నిషేధించింది.

ఈలోగా లెక్క మారింది. 20 ఏళ్ల కాలానికి చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. అయితే గాల్లో ఉండేది పన్నెండేళ్లే కాబట్టి, తగ్గిస్తే ఫలితం తొందరగా కనిపిస్తుంది. 2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో వందకు పైగా దేశాలు 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తామన్నాయి.

అప్పటికే రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి ఆస్పరాగోప్సిస్ అనే, సముద్రంలో పెరిగే ఎర్ర రంగు నాచు. కాలిఫోర్నియాలో మాంసం పశువులపై చేసిన ప్రయోగంలో ఇది మీథేన్‌ను 80 శాతం దాకా తగ్గించింది. అయితే అందులో పనిచేసేది బ్రోమోఫామ్ అనే రసాయనం. అది పాలలోకి రాకుండా చూడటం, అంత నాచును పెంచడం తేలిక కాదు.

రెండోది ప్రయోగశాలలో తయారైన 3-ఎన్‌ఓపీ అనే మందు. బోవేర్ పేరుతో అమ్ముతున్నారు. మీథేన్ తయారీలో చివరి మెట్టు దగ్గరున్న ఎంజైమ్‌ను ఇది ఆపేస్తుంది. 2015లో వెలువడిన పెన్సిల్వేనియా అధ్యయనంలో పాడి ఆవుల మీథేన్ 30 శాతం తగ్గింది. ఆవుల బరువు పెరిగింది కానీ పాలు పెరగలేదు.

నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాత ఆశ నెరవేరి ఉంటే రైతు తనంతట తానే కొని వాడేవాడు. ఇప్పుడు ఖర్చు అతనిది, లాభం ప్రపంచానిది. పైగా ఈ మందు రూమెన్‌లో త్వరగా విరిగిపోతుంది, అంటే మేతతో పాటు అందుతూనే ఉండాలి. రోజంతా పచ్చిక బయళ్లలో మేసే పశువుకు అలా పెట్టడం కష్టం.

బోవేర్‌కు యూరోపియన్ యూనియన్ 2022లో, అమెరికా 2024లో అనుమతిచ్చాయి. 2025లో డెన్మార్క్ ఇంకో అడుగు వేసి, పెద్ద డెయిరీ ఫామ్‌లు ఏటా 80 రోజులు ఈ మందు వాడాలని, లేదంటే దాణాలో కొవ్వు పెంచాలని నిబంధన పెట్టింది. ఆ ఏడాది చివర్లో ఆవులు జబ్బు పడుతున్నాయని, పాలు తగ్గాయని కొందరు రైతులు ఫిర్యాదు చేశారు. అనుమానం ఉంటే వాడకం ఆపవచ్చని అధికారులు చెప్పారు.