మేతకెళ్లే పెయ్యలకు దాణా: అపోహలు - వాస్తవాలు

"మూడేళ్లు నిండాయి, ఇంకా ఎదకు రాలేదు. ఎదకొచ్చే సూది ఏదైనా వేయండి" అంటూ సంకరజాతి పెయ్యను రైతులు పశువైద్యుడి దగ్గరికి పట్టుకొస్తారు. పాల మీద ఆశతో ఇన్నాళ్లు సాకిన రైతు దిగులు న్యాయమైనదే. కానీ వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముకలు గుచ్చుకుంటాయి, పొట్ట మాత్రం కుండలా వేలాడుతుంటుంది. సూదితో తీరే లోటు కాదిది.

అపోహ: పాలివ్వని పెయ్యకు దాణా దండగ. పొద్దంతా బీడులో మేస్తే చాలు.

వాస్తవం: అసలు నష్టమంతా ఈ మాటతోనే. తొలకరి తర్వాత లేత పచ్చికలో మాంసకృత్తులు 8-10 శాతం ఉంటాయి. సంక్రాంతి దాటి ఎండిపోయాక అదే గడ్డిలో 3-4 శాతమే మిగులుతాయి. 7 శాతానికి తగ్గితే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని చాలదు. పీచు అరగదు, మేత కదలదు, పెయ్య ఇంకో పిడికెడు తినలేదు. కుండ పొట్ట అలా వస్తుంది, తిండి ఎక్కువై కాదు. (నులిపురుగులున్నా పొట్ట ఇలాగే పెరుగుతుంది. దాణాకు ముందే పేడ పరీక్ష చేయించి మందు తాగించండి.)

లెక్క చూడండి. 150 కిలోల పెయ్య రోజుకు అర కిలో పెరగాలంటే సుమారు 450 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 4 కిలోల ఎండుగడ్డి మేసినా 150 గ్రాములే దక్కుతాయి. రెండున్నర కిలోల గడ్డికి తోడు 18 శాతం మాంసకృత్తులున్న దాణా కిలోన్నర, పచ్చి అలసంద మేత 3 కిలోలు పెడితే లోటు పూడుతుంది.

ఆ దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. 100 కిలోలకు మొక్కజొన్న నూక 35, వేరుశనగ చెక్క 25, నూనె తీసిన తవుడు 37, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. పొద్దున సగం, సాయంత్రం సగం. పెయ్యల్ని విడివిడిగా కట్టండి. ఒకే తొట్టిలో పోస్తే బలమున్నది తినేస్తుంది, బక్కది చూస్తూ నిలబడుతుంది. లేత పచ్చిక పుష్కలంగా దొరికే నెలల్లో దాణా సగానికి తగ్గించవచ్చు.

అపోహ: తవుడు పెడుతున్నాంగా!

వాస్తవం: అందులో మాంసకృత్తులు 12-13 శాతమే, కాల్షియం దాదాపు ఉండదు. చెక్క లేనిదే లోటు తీరదు.

అపోహ: చెక్క వేడి, చూడి నిలవదు.

వాస్తవం: ఉత్త పుకారు. భయపడాల్సింది బూజుపట్టిన చెక్కకి. అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని పాడుచేస్తుంది.

అపోహ: యూరియా చౌక, నీళ్లలో కలిపి తాగిస్తే సరి.

వాస్తవం: ప్రాణం పోతుంది, దయచేసి ఆ పని చేయకండి. నత్రజని అందాలంటే యూరియాను వరిగడ్డికి పట్టించాలి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50-60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీసాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు ఇది వద్దు.

పెరుగుదలను కంటితో అంచనా వేయకండి, నెలకోసారి టేపు పట్టండి. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని భుజం నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. కొలతలు అంగుళాల్లో ఉండాలి. చుట్టుకొలత 48, పొడవు 42 అయితే సుమారు 147 కిలోలు. జెర్సీ సంకరం 220, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం 250 కిలోల దగ్గరికి వచ్చాక కూడా ఎదకు రాకపోతే, అప్పుడు గర్భసంచి పరీక్ష చేయించండి.