ఏపీఆర్ఎస్ అపోహలు - వాస్తవాలు: మ్యాప్‌లో గుర్తు కదలకపోతే

ఏపీఆర్ఎస్ అంటే హామ్ (అమెచ్యూర్) రేడియోలో స్థానం, వాతావరణం వంటి చిన్న సమాచారాలను పంపే పద్ధతి; అవి ఇంటర్నెట్ మ్యాప్‌లోనూ కనిపిస్తాయి. మిత్రుడొకరు ఒంటరిగా కొండల్లోకి నడిచి వెళ్లిన రోజు సాయంత్రం ఆయన భార్య నాకు ఫోన్ చేసి, "మ్యాప్‌లో ఆయన గుర్తు మూడు గంటలుగా అక్కడే ఉందండీ, ఏమైనా అయిందంటారా?" అని అడిగారు. ఆమె భయాన్ని తప్పుపట్టలేం. నిజానికి ఆయన ఒక లోయలో ఉన్నారు. చేతిలోని రేడియో సెట్టు నుంచి బీకన్లు (తన స్థానాన్ని తెలిపే చిన్న ప్రసారాలు) వెళుతూనే ఉన్నా, వాటిని ఇంటర్నెట్‌కు అందించే ఐగేట్ అనే స్టేషన్ వరకు ఒక్కటీ చేరలేదు. స్థానం తెలిపే ప్యాకెట్టుకు రసీదు ఉండదు కాబట్టి ఆ సంగతి ఆయనకూ తెలియలేదు.

క్షేమంగా తిరిగి వచ్చిన మిత్రుడు మొదట చేసిన పని, పది సెకన్లకొక బీకన్, నాలుగు హాప్‌ల పాత్ (దారిలోని స్టేషన్లు ఒకదాని తరువాత ఒకటిగా నాలుగుసార్లు మళ్లీ ప్రసారం చేయాలన్న సూచన) పెట్టుకోవడం.

అపోహ: ఎంత తరచుగా, ఎన్ని హాప్‌లతో పంపితే అంత నమ్మకంగా చేరుతుంది.

వాస్తవం: ఫలితం తలకిందులవుతుంది. 1200 బాడ్ (సెకనుకు 1200 బిట్ల) వేగంలో ఒక ప్యాకెట్, ట్రాన్స్‌మిటర్ నిలదొక్కుకునే వ్యవధితో కలిపి, సుమారు ఒక సెకను పడుతుంది. ఆ ప్రాంతంలోని అందరికీ ఉన్నది ఒకే ఫ్రీక్వెన్సీ. నిమిషానికి ఆరు బీకన్లను ఒక్కొక్క డిజిపీటర్ (విన్న ప్యాకెట్‌ను తిరిగి పంపే రిలే స్టేషన్) మళ్లీ ప్రసారం చేస్తూ పోతే, మిగిలినవారికి సందు దొరకదు. కొండకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఒకరినొకరు వినలేక ఒకేసారి పంపితే, పైనున్న డిజిపీటర్‌కు రెండూ కలగలిసి వినబడతాయి. ఒక్క బిట్ తప్పినా ప్యాకెట్ మొత్తం పారవేయబడుతుంది. కొత్తలో నేనూ కారులో ఇదే నిర్వాకం చేసి, పక్క స్టేషన్ల వాతావరణ నివేదికలను అణచివేశానని ఆలస్యంగా తెలుసుకున్నాను. నడిచేవారికి కొన్ని నిమిషాలకొకటి, వాహనానికి వైడ్1-1, వైడ్2-1 పాత్‌తో (అంటే మొత్తం రెండు హాప్‌లతో) మలుపుల దగ్గర అదనంగా ఒకటి చాలు. ఏపీఆర్ఎస్ సెట్టుతో ఎగరేసి, చాలా ఎత్తు నుంచి ఎన్నో డిజిపీటర్లకు నేరుగా వినబడే బెలూన్‌కు హాప్‌లు అసలు అక్కరలేదు.

ఇంటర్నెట్ లేకపోతే ఏపీఆర్ఎస్ పనిచేయదన్నది వట్టి పుకారు. దీన్ని రూపొందించిన బాబ్ బ్రూనింగా ఉద్దేశించినది, రేడియో పరిధిలో ఉన్నవారు స్థానిక సమాచారాన్ని అప్పటికప్పుడు పంచుకోవడమే.

వాతావరణ స్టేషన్ పెట్టినవారు మాత్రం యూనిట్లు ఒకసారి సరిచూసుకోవాలి. ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లోనే వెళుతుంది. 30 డిగ్రీల సెల్సియస్‌కు 086 అని పంపవలసిన చోట 030 అని పంపిన ఒకరి స్టేషన్, నడి ఎండాకాలంలో మైనస్ ఒక డిగ్రీ చూపిస్తూ వారం రోజులు గడిపింది.