ఎండ్యూరెన్స్ గుర్రపు స్వారీ: అపోహలు - వాస్తవాలు

ఒకే రోజులో, ఒకే గుర్రం మీద 80, 120, ఒక్కోసారి 160 కిలోమీటర్లు. నేను పోటీపడే ఆట ఇదే. ఈ మాట చెప్పగానే కొందరు "మీ గుర్రం ఎంత స్పీడుగా పోతుంది?" అని అడుగుతారు. మిగతావాళ్లు "పాపం, గుర్రం ఏమైపోవాలి?" అంటారు. ఏళ్ల తరబడి ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతూనే ఉన్నాను. తరచూ వినబడే అపోహలను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఎవరి గుర్రం వేగంగా పరుగెత్తితే వాళ్లదే గెలుపు

దారినంతా కొన్ని దశలుగా విడగొడతారు. ప్రతి దశ చివరా వెట్ గేట్, అంటే గుర్రాన్ని పశువైద్యుడు (వెట్) పరీక్షించే మజిలీ ఉంటుంది. గుర్రం క్యాంపులోకి రాగానే గడియారం ఆగదు. దాని గుండె వేగం తగ్గాక, పరీక్షకు హాజరుపరిచినప్పుడే ఆ దశ సమయం ముగుస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో సాధారణంగా 15 నిమిషాల్లోపు నిమిషానికి 64కి దిగాలి. నేను ఐదు నిమిషాలు ముందొచ్చి, గుర్రం చల్లబడటానికి పన్నెండు నిమిషాలు తీసుకున్నాననుకోండి. నా వెనక నింపాదిగా వచ్చి, రెండు నిమిషాల్లో పల్స్ దింపిన మనిషి నాకంటే ముందున్నట్టే లెక్క. చివరి దశలో మాత్రం ఫినిష్ లైన్ దాటిన సమయమే లెక్క. అయితే ఆ తర్వాత కూడా పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే మొదట దాటిన గుర్రానికి కూడా స్థానం దక్కదు.

పల్స్ ఒక్కటే సరిపోదు. వెట్ చిగుళ్లు నొక్కి రంగు తిరిగొస్తుందా అని చూస్తారు, చర్మం పట్టి వదులుతారు, జీను కింద వీపు తడుముతారు, పొట్టలో పేగుల చప్పుడు వింటారు. తర్వాత ట్రాట్ (నడకకంటే కాస్త వేగమైన చిన్న పరుగు) చేయించి కుంటు ఉందేమో చూస్తారు. ఇందులో నాకు అన్నిటికంటే గౌరవమున్న పరీక్ష ఒకటుంది. ముందు గుండె వేగం లెక్కిస్తారు. గుర్రాన్ని సుమారు 40 మీటర్లు ట్రాట్ చేయించి వెనక్కి తెస్తారు. బయల్దేరిన నిమిషానికి మళ్లీ లెక్కిస్తారు. రెండో అంకె మొదటిదానికి సమానంగానో తక్కువగానో ఉంటే హాయి. బాగా పెరిగితే ఒంట్లో ఏదో నలతగా ఉన్నట్టు.

ఒకసారి 120 కిలోమీటర్ల పోటీలో, రెండో గేట్ దగ్గర నా గుర్రానికి మొదట 60 వచ్చింది, ట్రాట్ తర్వాత 72. చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి, నడకలో తేడా లేదు. పక్క గుర్రాన్ని చూసి ఉద్రేకపడిందేమో అనుకున్నాను. డాక్టరు స్టెతస్కోప్ డొక్కలకు ఆనించి చాలాసేపు విన్నారు. కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు. "పేగులు కదలడం లేదు" అన్నారు. అంతకుముందు దారిలో నీళ్ల తొట్టి దగ్గర గుర్రం మూతి తడిపి తల తిప్పేసింది. ముందు గుంపు వెళ్లిపోతోందని నేను ఆగలేదు. తప్పు నాదే. పోటీ అక్కడితో అయిపోయింది, సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి అది పేడ వేసినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అనలేదు.

అపోహ: దాహమేస్తే గుర్రమే తాగుతుంది

పై సంగతికి మూలం ఈ నమ్మకమే. మన చెమటలో ఉప్పు రక్తంలో కంటే తక్కువ. అందుకే చెమట పోసేకొద్దీ రక్తం ఉప్పెక్కుతుంది, దాహం తెలుస్తుంది. గుర్రం చెమటలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ దండిగా పోతాయి. నీళ్లూ ఉప్పూ కలిసే పోవడంతో రక్తం చిక్కదనంలో మార్పు మెదడుకు సరిగ్గా అందదు. ఎండలో గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమట పోస్తూ కూడా అది నీళ్ల మొహం చూడకపోవచ్చు. అందుకే ఎలక్ట్రోలైట్లు, అంటే చెమటలో పోయిన ఆ లవణాలు ఇస్తాం. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. నీళ్లు ముట్టని గుర్రానికి ఉప్పు పట్టిస్తే, అది ఒంట్లో ఉన్న నీటిని పేగుల్లోకి లాగి ఇంకా నష్టం చేస్తుంది. ముందు తాగాలి, లేదా నీళ్లలో బాగా నానబెట్టిన మేత తినాలి.

అపోహ: వేడెక్కిన గుర్రానికి చన్నీళ్లు తగలకూడదు

కండరాలు పట్టేస్తాయని పాతకాలపు భయం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు, అక్కడి వేడీ ఉక్కా గురించి టెన్షన్ పడి దీనిమీద గట్టిగా పరిశోధనలు చేశారు. చన్నీళ్లు ధారాళంగా పోయడం సురక్షితమని, వేడి త్వరగా దిగుతుందని తేలింది. మెడ, ఛాతీ, కాళ్లు, పిరుదులు, ఎక్కడ వేడిగా ఉంటే అక్కడ ఆపకుండా పోయండి. తాగడానికి కూడా అంతే: రాగానే నీళ్లు పెట్టండి.

అపోహ: పొట్ట ఖాళీగా ఉంటే తేలిగ్గా పరుగెడుతుంది

గుర్రం పెద్దపేగులో ఉండే గడ్డి పీచు నీటిని, లవణాలను పట్టి ఉంచే ట్యాంకు లాంటిది. ఆ పీచు పులిసినప్పుడే గంటల తరబడి ఆగని శక్తి వస్తుంది. గేట్ దగ్గర విశ్రాంతి సమయంలో తలెత్తకుండా గడ్డి నమిలే గుర్రాన్ని చూస్తే నా ప్రాణం కుదుటపడుతుంది.

అపోహ: ఆరు నెలల శిక్షణ చాలు

గుండె, కండరాలు నెలల్లోనే తయారవుతాయి. స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి ఏడాది, ఆపైన పడుతుంది. చిక్కు ఇక్కడే వస్తుంది: గుర్రం "నేను రెడీ" అన్నట్టు లాగుతుంటే కాళ్లు ఇంకా రెడీగా ఉండవు. అంతర్జాతీయ నిబంధనల్లో 160 కిలోమీటర్ల స్థాయికి గుర్రానికి కనీసం 8 ఏళ్లు ఉండాలనడం వెనక కారణం ఇదే.

అపోహ: అరబ్ గుర్రం లేనిదే ఈ ఆట ఆడలేం

పైస్థాయిలో అరబ్ గుర్రాలదే ఆధిపత్యం, కాదనను. కానీ నిర్ణీత సమయంలో ఆరోగ్యంగా పూర్తిచేయడమే లక్ష్యమైతే చాలా జాతులు పనికొస్తాయి. కంచర గాడిదలు కూడా వస్తాయి.

అపోహ: ఇది మగవాళ్ల ఆట

ఆడా మగా ఒకే పోటీలో సమానంగా దిగుతారు. అమెరికాలో 1955లో మొదలైన 100 మైళ్ల టెవిస్ కప్ పోటీని 1961లోనే డ్రూసిల్లా బార్నర్ గెలిచారు. డోనా ఫిట్జ్‌గెరాల్డ్ విటెజారిఫ్ అనే ఒకే గుర్రం మీద ఆరుసార్లు గెలిచారు.

అపోహ: గుర్రాలను హింసించే ఆట ఇది

దీన్ని పూర్తిగా అపోహ అని కొట్టిపారేయలేను. చదునైన దారుల్లో విపరీతమైన వేగంతో నడిపి గుర్రాల కాళ్లు విరిగిన సందర్భాలున్నాయి. 2015లో అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ ఈ కారణంగానే యూఏఈ సమాఖ్యను సస్పెండ్ చేసింది. 2016 ప్రపంచ పోటీలను దుబాయ్ నుంచి స్లొవేకియాకు మార్చారు. అది జరగాల్సిందే.

ఈ ఆటలో నేను ప్రేమించేది వేరే సంప్రదాయం. టెవిస్‌లో మొదటి పదిమందిలో వచ్చిన గుర్రాల్లో అన్నిటికంటే మంచి స్థితిలో ఉన్నదానికి హాగిన్ కప్ అని విడిగా ఇస్తారు. చాలామంది రౌతులు గెలుపు కంటే దాన్నే గొప్పగా చూస్తారు. ఆ పరీక్ష పోటీ ముగిసిన మర్నాడు పొద్దున జరుగుతుంది. ముందురోజంతా కొండదారుల్లో నడిచిన గుర్రం, జీను లేకుండా, పగ్గం వదులుగా, ఇంకా ముందుకు వెళ్లగలనన్నట్టు ట్రాట్ చేసి చూపించాలి.